గెలిచినవాడి ఖర్చు ఎవరిది?



ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవైపు సామెత. గెలిచినవాడికి ఏడుపెందుకండీ? ప్లీడరు ఫీజు తలుచుకుని. ఆ ఫీజు చివరికి ఎవరి జేబులోంచి పోవాలన్న ప్రశ్నకి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెబుతుంది. నేను లాయర్ని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. కాంట్రాక్టుల మీద సంతకాలు పెట్టి బతికేవాణ్ణి కనక ఈ సంగతి కాస్త శ్రద్ధగా చదివాను.

అమెరికాలో మామూలు సూత్రం, ఎవరి లాయరు ఫీజు వాళ్ళదే. 1796లోనే ఆర్కాంబెల్ వర్సెస్ వైజ్‌మన్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, నష్టపరిహారంలో కలిపేసిన 1,600 డాలర్ల లాయరు ఫీజుని కొట్టేసింది. దీనివల్ల ఏమవుతుంది? మీకు 5,000 డాలర్లు రావాలనుకోండి. లాయరు గంటకి 300 చొప్పున ఇరవై గంటలు పనిచేస్తే 6,000. గెలిచి కూడా వెయ్యి నష్టం! యాక్సిడెంటు కేసుల్లో మాత్రం, గెలిస్తే వాటా తీసుకుంటాను, ఓడితే ఫీజు వద్దనే లాయర్లు దొరుకుతారు. ఆ వాటా తరచుగా మూడో వంతు ఉంటుంది.

ఇంగ్లండులో దీనికి తలకిందులు. ఓడినవాడే గెలిచినవాడి ఖర్చులో చాలా భాగం ఇవ్వాలి. న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. కాని న్యాయం మనవైపే ఉన్నా, ఓడితే ఇల్లు అమ్ముకోవాలేమోనన్న భయంతో ఆగిపోయేవాళ్ళుంటారు. అందుకే 2013 నుంచి గాయాల కేసుల్లో, ఓడిన బాధితుడు సాధారణంగా అవతలివాళ్ళ ఖర్చు కట్టనక్కరలేకుండా రూలు మార్చారు. జర్మనీలోనూ ఓడినవాడే ఇవ్వాలి. అయితే అక్కడ ఎంత సొమ్ముకి దావా వేస్తే ఎంత ఫీజో చట్టంలోనే పట్టిక ఉంది. ఓడితే ఎంత పోతుందో ముందే లెక్క వేసుకోవచ్చు.

మరి మన దేశంలో? సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షను ప్రకారం ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకుంది. ఇప్పించేది మాత్రం అసలు ఖర్చుకి చాలా తక్కువ. తప్పుడు దావా వేసినవాడి మీద 35ఎ కింద వేసే పరిహారానికి పరిమితి 3,000 రూపాయలు! పొలం గట్టు తగాదాని ఇరవై ఏళ్ళు లాగేవాడికి అదొక లెక్కా? పెద్ద వాణిజ్య వివాదాలకి మాత్రం 2015 చట్టం, ఓడినవాడే ఇవ్వాలన్నది మామూలు సూత్రంగా పెట్టింది.

ఇదంతా మనకెందుకంటారా? మా మిత్రుడొకడికి ఇక్కడ కాలిఫోర్నియాలో ఒక కన్సల్టింగ్ కంపెనీ రెండు నెలల జీతం ఎగ్గొట్టింది. తగాదా వస్తే కంపెనీ లాయరు ఫీజు ఉద్యోగే భరించాలని కాంట్రాక్టులో ఒక వాక్యం. అది చూసి బెదిరిపోయి, పోతే పోయిందని ఊరుకోబోయాడు. కాని ఈ రాష్ట్రంలో జీతం బకాయి కేసు ఉద్యోగి గెలిస్తే ఫీజు కంపెనీయే ఇవ్వాలి. ఓడినా, దురుద్దేశంతో కేసు వేశాడని కోర్టు తేలిస్తే తప్ప కంపెనీ ఫీజు అతని మీద పడదు. అసలు లాయరు లేకుండానే, పైసా ఫీజు లేకుండా లేబర్ కమిషనర్ దగ్గర ఫిర్యాదు చేసుకోవచ్చు. అతను అదే చేశాడు.

మిగతా రాష్ట్రాల్లో చట్టాలు వేరుగా ఉండొచ్చు, అక్కడి లాయర్ని అడగండి. అడిగేటప్పుడు "నేను గెలుస్తానా?" అని ఒక్కటే అడిగి వచ్చేయకండి. "గెలిస్తే మీ ఫీజు ఎవరిస్తారు, ఓడితే వాళ్ళ ఫీజు ఎవరిస్తారు?" అని కూడా అడగండి. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందే ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి. హక్కు మనదైనా, దాన్ని అడగడానికయ్యే ఖర్చు చూసి వదులుకుంటామని లెక్కవేసే వాళ్ళున్నారు. ఆ లెక్క మనకీ తెలిసుండాలి.