చక్రములోని గాలి

ఈనాటి నా ప్రసంగము కంటికి కనబడని యొక వస్తువును గూర్చినది. అది బండిచక్రములోని గాలి. మదనపల్లె టమాటాలు, పుంగనూరు పాలబిందెలు, కుప్పము వేరుసెనగ మూటలు, అన్నియు నేడు గాలిమీదనే ప్రయాణము చేయుచున్నవి. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికి కుదుపు తగ్గింపదలచి, రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టెను. పశువుల వైద్యుడు కనిపెట్టిన సాధనము పిదప మన యెద్దుల మెడలకును సుఖము కూర్చినది.

"గాలి బిగువుగా నుండవలెనా, మెత్తగా నుండవలెనా?" అని రైతులు నన్నడుగుచుందురు. బరువును బట్టియు, బాటను బట్టియు నుండవలెనని నా సమాధానము. బరువు మోయునది రబ్బరు కాదు; దానిలోని గాలి. గాలి తక్కువైనచో టైరు ప్రక్కలు ప్రతి చుట్టునకును ముడుచుకొని విప్పుకొనుచు వేడెక్కును. ఆ వేడిమికి లోపలి దారములు సడలి, తుదకు టైరు పగులును. గాలి మిక్కుటమైనచో టైరు నడిమి భాగము మాత్రమే నేలనానును. అప్పుడు పట్టు తగ్గును, బ్రేకు చాలదు, పెట్టెలలోని పండ్లు కుదుపునకు నలుగును.

టమాటా వ్యానుల సంగతి చూడుడు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. పుంగనూరు, పలమనేరుల మీదుగా చెన్నపట్టణము పోవు బండి మొగిలి ఘాటు దిగి పోవలెను. నిండు బరువుతో, మలుపులలో, ఒక చక్రము పగిలెనేని తోలువాని నేర్పు కొరగాదు. కావున బయలుదేరుటకు ముందు, చక్రములు చల్లగా నున్నప్పుడే గేజితో చూపింపవలయును. ఎంత గాలి యుండవలెనో బండి చేసినవారు తలుపు ప్రక్కనో, పుస్తకములోనో వ్రాసియుందురు. ఖాళీ బండికి వేరు, నిండు బండికి వేరుగా లెక్కలున్నచో ఆ భేదమును పాటింపవలయును. వెనుక జంటచక్రములున్నచో రెంటను సమానముగా నుండవలెను. లేనిచో బరువంతయు నొకదానిపై బడును.

దారిలో చక్రము వేడెక్కినపుడు గేజి ముల్లు పైకి పోవుట సహజము. 30 పౌండ్ల గాలిగల చక్రమున వేడిమి 10 డిగ్రీల సెంటిగ్రేడు పెరిగిన, ఒత్తిడి సుమారు ఒకటిన్నర పౌను పెరుగును. దానిని చూచి భయపడి గాలి వదలరాదు. వదలినచో చల్లారిన పిమ్మట గాలి చాలకుండును.

ట్రాక్టరు ధర్మము వేరు. దుక్కిలో దాని పెద్దచక్రములకు గాలి కొంత తక్కువగా నుండుట మేలు. అప్పుడు చక్రము వెడల్పుగా నేలనాని, మన్నును గట్టిపరుపదు. వేరుసెనగ ఊడలు నేలలో దిగి కాయలూరవలెనన్న మన్ను గుల్లగా నుండవలయును గదా! కాని ఆ గాలితోనే నిండు ట్రైలరును లాగుచు తారుబాటపై వేగముగా పోరాదు. పొలమునకొక లెక్క, బాటకొక లెక్క. రెంటికిని అవధులు పుస్తకమున నుండును, వానిని దాటరాదు.

ఎద్దుల బండి చక్రమున గాలి తగ్గిన, లోపము మనకు వినబడదు, ఎద్దునకు తెలియును. రొప్పుచు, కాడి క్రింద మెడ వంచి లాగును. ఎద్దు మొండికెత్తినదని ములుకోల యెత్తుటకు ముందు చక్రమునొకసారి తడవి చూడుడు.

గాలి కొలుచు గేజి గొప్ప వెల గల వస్తువు కాదు. ఊరికొకటి రచ్చబండకు దగ్గరనున్న యేదో యొక యింట నుండిన చాలును. వాల్వులకు మూతలున్నవో లేవో చూచుటయు మరువరాదు. మూత లేనిచో దుమ్ము చేరి గాలి మెల్లగా జారిపోవును.

ఇంటి పెద్దలు రాత్రివేళ సరుకుతో బయలుదేరు కుమారుని "అన్నము తింటివా?" అని యడుగుట మన మర్యాద. "గాలి చూపించితివా, నాయనా?" అని మరియొక మాట చేర్చుడు. ఆ ప్రశ్నకు వాడు సరియైన జవాబు చెప్పిన పిమ్మటనే బండి కదలవలయును. సెలవు.