అభిమానుల నేస్తము
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, ఏరియూరులో, తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



పరీక్షా ఫలితములను గూర్చియు, భవన నిధిని గూర్చియు కార్యదర్శిగారు విపులముగా చెప్పియున్నారు. వానినే నేను మరల చెప్పి మీ కాలమును హరింపను. నేను మాటలాడదలచినది పైకి చాల చిన్న విషయము. ఒక వస్తువును ఇష్టపడువారు నలుగురు ఒకచోట చేరినప్పుడు వారి నడుమ పుట్టు స్నేహము, వారు ఒకరికొకరు ఇచ్చుకొను ప్రోత్సాహము, ఇదియే నా విషయము. దీనికిని మన పిల్లల తెలుగునకును గల సంబంధమును పోనుపోను మనవి చేసెదను.

అభిమాని యను మాట నేడు కొంత చెడినది. ఆ మాట వినగానే సినిమా హాలు ముందర నిలువెత్తు బొమ్మకు పాలాభిషేకము చేయు యువకులు మనకు స్ఫురింతురు. ఒక నటుని అభిమానులు మరియొక నటుని అభిమానులతో కలహించుటయు మన మెరిగినదే. నేను చెప్పునది అది కాదు. అయినను వారిని పూర్తిగా త్రోసివేయుటయు న్యాయము కాదు. 1998లో హైదరాబాదున నటుడు చిరంజీవి నెలకొల్పిన రక్తనిధికి ఆయన అభిమానులు తండోపతండములుగా వచ్చి రక్తమిచ్చిరి. నటునిపై గల ఇష్టము ముఖమెరుగని రోగికి ఉపకరించినది.

అభిమానులు ఒకరినొకరు ఎట్లు కనుగొందురు? దీనికి దూరదేశపు ఉదాహరణ మొకటి చెప్పెదను. 1926లో అమెరికాయందు హ్యూగో గెర్న్స్‌బాక్ అను నాయన "అమేజింగ్ స్టోరీస్" అను మాసపత్రికను స్థాపించెను. గ్రహాంతరయానములు, వింత యంత్రములు మున్నగువాని గూర్చిన కల్పిత కథలే దానిలో ఉండెడివి. పాఠకుల ఉత్తరములను ప్రచురించునప్పుడు సంపాదకుడు వారి చిరునామాలను కూడ అచ్చువేయించుచుండెను. అంతే! ఒక ఊరిలో ఇట్టి కథలు చదువు పిచ్చివాడను నేనొక్కడనే అనుకొనుచున్న బాలునికి, పొరుగూరిలో మరియొక పిచ్చివాడు కలడని తెలిసినది. ఉత్తరములు నడచినవి. పిదప సంఘములు వెలసినవి.

అట్టి సంఘ మొకటి లాస్ ఏంజెలిస్ నగరమున నుండెను. 1937లో రే బ్రాడ్‌బరీ అను పదునేడేండ్ల పిల్లవాడు అందు చేరెను. బీదకుటుంబము. పాఠశాల చదువు ముగిసిన పిదప కళాశాలకు పోవుటకు డబ్బులేక వీధిలో వార్తాపత్రికలు అమ్ముకొనెను. సంఘములోని ఫారెస్ట్ ఆకర్‌మన్ అను స్నేహితుడు అతనికంటె నాలుగేండ్లు మాత్రమే పెద్ద. ఆ ఆకర్‌మనే 1939లో బ్రాడ్‌బరీ నడపిన చిన్న పత్రికకు సొమ్మిచ్చెను. అదే సంవత్సరము న్యూయార్కులో జరిగిన అభిమానుల మహాసభకు పోవుటకు దారిఖర్చును అప్పుగా నిచ్చెను. బ్రాడ్‌బరీ తరువాత జగత్ప్రసిద్ధుడగు రచయిత యయ్యెను. 1953లో ప్రచురితమైన ఆయన నవల, పుస్తకములను తగులబెట్టు రాజ్యమును గూర్చినది, నేటికిని దేశదేశముల చదువబడుచున్నది. ఆకర్‌మన్ ఇచ్చిన ధనము గొప్పది కాదు. "నీవు వ్రాయుము, మేము చదివెదము" అను వారు నలుగురుండుట గొప్ప.

ఇక మన యింటి సంగతి. మీలో పెద్దలైనవారికి "చందమామ" జ్ఞాపకముండక పోదు. 1947లో, స్వాతంత్ర్యము వచ్చుటకు కొలది వారముల ముందు, నాగిరెడ్డి చక్రపాణి గార్లు మదరాసునుండి ఆ పత్రికను వెలువరించిరి. అది తెలుగున "చందమామ", తమిళమున "అంబులిమామ". మన యీ జిల్లావంటి చోట ఈ సంగతికి ఒక విశేషార్థము కలదు. తెలుగు ఇంటి పిల్లవాడును, ఎదురింటి తమిళ పిల్లవాడును అదే కథను, అవే బొమ్మలతో, ఎవరి భాషలో వారు చదువుకొనగలిగిరి. భుజముపై శవమును మోయుచు కత్తి చేబూని నడచు విక్రమార్కుని బొమ్మను చిత్రించిన శంకర్ గారు, అనగా కే. సి. శివశంకరన్ గారు, తమిళులు. 1924లో జన్మించి 2020లో పరమపదించిరి. మరణానంతరము పద్మశ్రీ బిరుదము లభించినది. ఆయన బొమ్మ చూచి బేతాళకథను ఊహించుకొనని తెలుగు పిల్లవాడు ఆ తరములో అరుదు.

ఆ పత్రికలో ఫోటో వ్యాఖ్యల పోటీ యని యొకటి యుండెడిది. రెండు ఛాయాచిత్రములు ప్రచురించెడివారు. రెండింటికిని పొందికగా, ఒకదానికొకటి సంబంధము కలుగునట్లు, కొలది మాటలలో వ్యాఖ్యలను కార్డుపై వ్రాసి పంపవలెను. గెలిచినవారి పేరు, ఊరు అచ్చగును. బహుమానపు సొమ్ము స్వల్పమే. కాని తన ఊరి పేరు అచ్చులో చూచుకొనిన బాలునికి ఆ నెలంతయు నేలపై కాలు నిలుచునా? పాఠకులు కథలును పంపుచుండిరి. 1952నుండి 1980లో మరణించువరకును పత్రికా రచనాభారమును వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారు వానిని చక్కదిద్ది, పత్రిక శైలికి అనువుగా మలచి ప్రకటించెడివారు. త్రిప్పి పంపుటకంటె దిద్ది అచ్చువేయుట ఎంత శ్రమయో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

మరియొక వింత. ఆ పత్రికలోని "తోకచుక్క" మొదలగు ధారావాహికలను వ్రాసినది ఎవరో చదువరులకు తెలియదు. వానిపై రచయిత పేరు ఉండెడిది కాదు. వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారు. 1952లో పత్రికలో చేరి అర్ధశతాబ్దమునకు పైగా అందే పనిచేసిరి. బాల్యమున ఆ కథలను చదివి పెరిగినవారు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, విదేశములలో స్థిరపడినవారు, నడివయస్సున ఒకరినొకరు కనుగొనిరి. పాత సంచికలను వెదకి ఒకచోట చేర్చిరి. ఒకరి యొద్ద లేని సంచిక మరియొకరి అటకపై దొరకెను. చినిగిన పుటకు బదులు పుటను పంపుకొనిరి. పేరులేని ఆ రచయిత యెవరో తెలిసికొని ఆయన వృద్ధాప్యమున ఆయనను పలుకరించిరి. 2010లో ఆయన గతించిన పిదప ఆ ధారావాహికలు ఆయన పేరుతోనే పుస్తకములుగా వెలువడినవి. చందమామ అచ్చు నిలిచిపోయి పదేండ్లు దాటినను ఆ చదువరుల నేస్తము నిలిచియున్నది. వారు ప్రతిదినము మాటలాడుకొనునది మహావిషయములేమియు కాదు. "ఆ రాక్షసుని పేరేమి?", "ఆ బొమ్మ ఏ నెలది?", "మీ అమ్మాయికి జ్వరము తగ్గినదా?" ఇట్టివే. మూడవ ప్రశ్నకును పత్రికకును సంబంధము లేదు. కాని మొదటి రెండు ప్రశ్నలు లేనిచో మూడవది పుట్టియుండదు.

ఇదంతయు మీకేల చెప్పుచున్నాననగా, గడచిన సంవత్సరము మన పాఠశాలలో ఆ పోటీనే మరల పెట్టితిమి. ప్రతి శుక్రవారము రెండు బొమ్మలను ప్రకటన పలకపై అంటించుచున్నాము. మొదటి రెండు వారములు మూడు చీటీలు మాత్రమే వచ్చినవి. ఆ మూడును తెలుగు ఉపాధ్యాయుని బలవంతమున వచ్చినవే! మూడవ వారము హొగెనకల్లు నీటిలో గిరగిర తిరుగు పుట్టి బొమ్మయు, బొంగరము త్రిప్పుచున్న బాలుని బొమ్మయు పెట్టితిమి. నాగమరై వైపునుండి వచ్చు ఏడవ తరగతి పిల్లవాడొకడు "నీళ్ళలో బొంగరం", "నేలమీద పరిసలు" అని వ్రాసెను. నాకు ముచ్చట కలిగినది. కాని పెద్దతరగతి విద్యార్థులు కొందరు "పరిసలు తమిళము, వీనికి తెలుగే రాదు" అని నవ్విరి. ఆ బాలుడు తరువాతి వారము చీటీ వేయలేదు.

ఇచ్చట నేను కలుగజేసికొని ఉపన్యాసము చేసియుండవచ్చును. చేయలేదు. వాని తరగతి బాలిక యొకతె ఆ చీటీ క్రిందనే పెన్సిలుతో "చాల బాగుంది. మా తాత కూడా పరిసలు అనే అంటాడు. పుస్తకంలో పుట్టి అంటారట" అని వ్రాసెను. మరునాటికి దాని క్రింద ఇంకను నాలుగు వ్రాతలు చేరినవి. ఆ బాలుడు మరల వ్రాసెను. ఇప్పుడు వారమునకు ముప్పది చీటీలకు తక్కువ రావు. నేను మెచ్చుకొనినచో అది ఉద్యోగధర్మము. పిల్లలకు ఆ భేదము చక్కగా తెలియును. తోడిపిల్ల మెచ్చుకొనినచో అది నిజము.

ఆ బాలిక తప్పును దిద్దలేదని కాదు. దిద్దినది. కాని ముందు తాతను తెచ్చి, పిదప పుస్తకమును తెచ్చినది. మా ఉపాధ్యాయులలోనే ఈ వరుస తెలిసినవారు తక్కువ.

ఇక కొంచెము కఠినమగు విషయము. 2006లో ఈ రాష్ట్రమున తమిళ అభ్యసన చట్టము వచ్చినది. ఆ సంవత్సరము ఒకటవ తరగతితో ఆరంభించి, ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళము తప్పనిసరి పాఠ్యాంశ మగుచు, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. అల్పసంఖ్యాక భాషల సంఘములు న్యాయస్థానముల కెక్కినవి. కొన్ని యేండ్లు మినహాయింపులు లభించినవి. తమిళము నేర్వవలదని నేనెన్నడు ననను. ఈ గడ్డపై బ్రతుకువారము, ఆ భాష మన పిల్లలకు అవసరము, అందమైనదియు. కాని తెలుగునకు మార్కుల ఆకర్షణ తగ్గినదను మాట వాస్తవము. "తెలుగు చదివి మావాడు ఏమి చేయును?" అని మీలో పలువురు నా గదిలో కూర్చుండి అడిగియున్నారు. ఉద్యోగము చూపి నేను సమాధానము చెప్పలేను. మార్కులు ఇవ్వని బలమును మరేదో ఇవ్వవలెను. నాకు తెలిసినంతవరకు అది తోటివారితో కలిసి దేనినైనను ఇష్టముగా చదువుట యొక్కటే. ఒంటరిగా చదువు పిల్లవాడు ఎనిమిదవ తరగతిలో మానును. నలుగురితో కలిసి చదువువాడు, ఆ నలుగురికొరకైనను, మానడు.

కావున మీనుండి నేను కోరునది ధనము కాదు. మీ యిండ్ల అటకలపై, పెట్టెలలో పాత తెలుగు పత్రికలు, కథల పుస్తకములు ఉన్నచో పాఠశాలకు ఎరువిండు. అట్టలేనివైనను సరియే. పుస్తకముపై మీ పేరు వ్రాసి, చదివిన పిల్లల పేర్లను దాని వెనుక పుటపై వరుసగా వ్రాయించి, వేసవి సెలవులకు ముందు త్రిప్పి యిచ్చెదము. ఎవరెవరు ఒకే పుస్తకమును చదివిరో పిల్లలకు దానివలన తెలియును. రెండవది, ఇంటిలో పిల్లవాడు తెలుగు చదువునప్పుడు తప్పు దొరికినచో వెంటనే నవ్వవలదు. మన యింటి మాటలో తమిళపదములు పదింట మూడు కలవు. ముందు మనము మనలను చూచి నవ్వుకొనవలసియుండును.

వచ్చు శుక్రవారపు బొమ్మలు సిద్ధముగా నున్నవి. ఒకదానిలో అవ్వ యొకతె అరుగుపై కూర్చుండి చింతపండు గింజలు తీయుచున్నది. రెండవదానిలో పాప యొకతె పలకపై అక్షరములు తుడుచుచున్నది. ఈ పర్యాయము తల్లిదండ్రులును వ్రాయవచ్చును. చీటీల పెట్టె నా గది వాకిట కలదు. పేరుతోపాటు ఊరిపేరు కూడ వ్రాయుట మరువకుడు.