దివాలా తీసిన కుటుంబానికి అద్దె ఇల్లు



వ్యాపారం దెబ్బతిని దివాలా తీసిన మన కుటుంబాలు అద్దె ఇంటికై వెతికినప్పుడు, పేరు వినగానే మూసుకునే తలుపు ఒకటి. పాత అప్పుల సంగతి తెలిసి మూసుకునే తలుపు మరొకటి. రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండవ ఖండం దుకాణాలు, హోటళ్లలో వివక్షను నిషేధించింది. ప్రైవేటు అద్దె ఇళ్ల ప్రస్తావన అందులో లేదు. ఆ లోటును పూడ్చే చట్టం కోసం మనం పోరాడవలసిందే.

అంతవరకు బ్రోకరుకు ఏమి చెప్పాలి? అడగని అప్పుల చరిత్రను మనంతట మనం విప్పనక్కరలేదు. అడిగితే మాత్రం అబద్ధం తగదు. "వ్యాపారం పోయింది. నేటి ఆదాయం ఇది. ఈ అద్దె కట్టగలం" అని చెప్పి, బ్యాంకు పాసుపుస్తకం, పాత ఇంటి యజమాని ఇచ్చిన లేఖ చూపుదాం. రాతపూర్వక ఒప్పందం, రశీదు లేనిదే అడ్వాన్సు ఇవ్వరాదు. 2021 నాటి నమూనా అద్దె చట్టం నివాస గృహాల అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. అయితే రాష్ట్రం స్వీకరించిన చోటనే అది వర్తిస్తుంది.

ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు అర్హులైనవారిలో రుణగ్రస్తులనూ చేర్చింది. కనుక వారిని ఆదుకోవడం దయ కాదు, వారి హక్కు. మసీదు కమిటీలు వారికి హామీగా నిలవాలి. మన మహల్లాలోని యజమానులమే వారిని గుమ్మం నుంచి పంపివేస్తే, ఇతరులను ప్రశ్నించే నైతిక బలం మనకెక్కడిది?