గోలకొండ దుర్గము, పాత వంతెన: యాత్రికుని ఛాయాచిత్రములు
(ఆత్రేయపురము గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



యాత్రలకు పోవుట మనవారికి క్రొత్త కాదు. పూర్వము కాశికి పోయినవారు గంగ తెచ్చెడివారు. నేటివారు ఛాయాచిత్రములు తెచ్చుచున్నారు. గంగచెంబునకు మూత యెంత అవసరమో, ఛాయాచిత్రమునకు వ్రాత యంత అవసరము. ఇందుకు గోలకొండ దుర్గము, మూసీనదిపైని పురానా పూల్ అను పాత వంతెన చక్కని దృష్టాంతములు.

గోలకొండ కాకతీయుల నాటి కోట. 1518 మొదలు కుతుబ్ షాహీల ఏలుబడిలో వర్ధిల్లెను. 1687లో ఔరంగజేబు ఎనిమిది మాసములు ముట్టడించి దానిని వశపరచుకొనెను. భద్రాద్రి రామునకు ఆలయము కట్టించిన కంచెర్ల గోపన్న యుండెనని చెప్పు చెరసాలయు అచ్చటనే కలదు. ఉదయపు వాలుటెండలో ప్రాకారముల రాళ్లు విడివిడిగా కన్పట్టును. మిట్టమధ్యాహ్నము తీసినచో గోడలన్నియు చదునుగా తోచును. గోడ చెంత నొక మనిషి నిలిచినగాని దాని యెత్తు తెలియదు. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు చఱచినచో కొండపైని బాలా హిస్సారున వినబడును. ఆ చప్పుడు మాత్రము ఏ చిత్రములోను పడదు, వ్రాసి యుంచవలసినదే.

ఇక వంతెన. దీనిని 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించెను. మన కవులు మల్కిభరాముడని కొనియాడినది ఇతనినే. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చెను. వంతెనకు 22 కమానులు. రాజకుమారుడు మహమ్మద్ కులీ భాగమతికై వరదలో నది దాటగా, తండ్రి భయపడి దీనిని కట్టించెనని జనశ్రుతి. కాని 1578 నాటికి ఆ రాజకుమారుడు పండ్రెండు పదమూడేండ్ల బాలుడు! కథ యెంత మధురమైనను తేదీ ముందు నిలువలేదు. 1591లో వెలసిన హైదరాబాదు నగరముకంటె ఈ వంతెనయే పెద్దది.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడు, రాజా బిరుదాంకితుడు దీన్ దయాళ్ ఆ నగరమును గాజుపలకలపై చిత్రించెను. ఆయన 1905లో గతించెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొనెను. వంతెనయు దెబ్బతిని పిమ్మట బాగుచేయబడెను. నాటి నగర చిత్రము వరదకు ముందటిదో తరువాతిదో తెలియనిచో, అది దేనికి సాక్ష్యము చెప్పగలదు? సర్వే నెంబరు లేని నేల ఎవరిదో అడంగలు చెప్పజాలదు గదా!

మనకును ఒక పాత వంతెన కలదు. రాజమహేంద్రవరము చెంత గోదావరిపై 1900లో తెరువబడిన 56 ఖానాల రైలు వంతెన 1997లో రైళ్లకు సెలవిచ్చెను. దానిపై రైలు పోవుచుండగా తీసిన చిత్రములు మన యిండ్లలో ఏ పెట్టె యడుగుననో యుండవచ్చును. వాని వెనుక మెత్తని పెన్సిలుతో నాలుగు సంగతులు వ్రాయుడు: స్థలము, తేదీ, ఏ గట్టున నిలిచి తీసినది, చిత్రములోనివారి పేర్లు. గుర్తుపట్టగల పెద్దలు మన మధ్య నుండగనే యడుగుడు. వారు దాటిపోయిన పిదప ఆ ముఖములకు పేరు పెట్టువారుండరు.

అట్టి చిత్రముల ప్రతులకు ఈ గ్రంథాలయమున ఒక సంపుటము, ఒక పట్టిక యేర్పడవలెను. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన బీరువాలలో దానికి చోటు దొరకకపోదు.

స్వస్తి.