ఒకే గుక్కలో రెండు మాత్రలు



నేను వైద్యుడను గాను. చదివినది చరిత్ర, చేయునది ఫైళ్ల పని. అయినను మా యింట జరిగినది మనవి చేయుదును.

నా భార్య థైరాయిడ్ లోపమునకు లీవోథైరాక్సిన్ వాడుచున్నది. ఎముకల బలమునకై మరియొక వైద్యుడు కాల్షియము వ్రాసెను. ఆమె రెండింటిని ఉదయమే ఒకే గుక్కలో మ్రింగెడిది. కొలది మాసములకు నీరసము తిరిగి వచ్చినది, పరీక్షలో టి.ఎస్.హెచ్. పెరిగినది, మోతాదును రెండుమారులు పెంచిరి. ఒకే ఫైలుపై రెండు శాఖలు ఒకరిదొకరు చూడక వ్రాసిన నోట్సువలె నుండెను ఆ చీటీలు! తుదకు మాత్రలన్నియు బల్లపై పరచి చూపగా కారణము తెలిసినది.

కాల్షియము, ఇనుము, అజీర్తికి వాడు కొన్ని మందులును ప్రేగులో థైరాయిడ్ మందును పట్టియుంచి, రక్తములో చేరనీయవు. కావున నడుమ 4 గంటల యెడ ముండవలెను. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీటితో వేసికొని, కాఫీకి, ఫలహారమునకు 30 నుండి 60 నిమిషము లాగవలెను.

మరియొక హెచ్చరిక. ఎడము పాటించిన పిమ్మట, పెంచిన మోతాదే అధికమై గుండెదడ కలిగింపవచ్చును. కనుక వైద్యునితో చెప్పియే వేళలు మార్చి, 6 నుండి 8 వారములకు మరల పరీక్ష చేయించుకొనవలెను.

ఏ వైద్యుని కడకేగినను, ఇంటనున్న మాత్రలన్నింటి పట్టికను వెంట గొనిపోవుడని నా ప్రార్థన.