పాత ఓమ్నిలో ప్లగ్గు నిలవకపోతే

మారుతీ ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. స్పార్క్ ప్లగ్గు బిగించే రంధ్రంలో థ్రెడ్ పోతే సీటు కింద టక్‌టక్‌మని చప్పుడు మొదలవుతుంది. చాలామంది ఆ రంధ్రంలో హెలికాయిల్ అనే స్టీలు తీగచుట్ట వేయిస్తారు. కొన్నిసార్లు కొన్నాళ్లకు అదీ వదులై, ప్లగ్గుకే అతుక్కుని బయటికొచ్చేస్తుంది. అప్పుడు దయచేసి ఎంసీల్ పూసి బిగించకండి. ఆ వేడికీ ఒత్తిడికీ అది ఆగదు, పైన కూర్చునేది మనుషులు.

అల్యూమినియం హెడ్ విప్పించి మంచి లేత్ షాపుకు పంపండి. రంధ్రాన్ని నిటారుగా పెద్దది చేసి, అంచున్న గట్టి స్టీలు బుష్ దించుతారు. విప్పకుండా డ్రిల్ చేస్తే లోహపు పొడి సిలిండర్లో పడి గోడలు గీసుకుపోతాయి. ప్లగ్గు రంధ్రం చుట్టూ చీలిక కనిపిస్తే మాత్రం బుష్ దండగే, హెడ్ మార్చాల్సిందే. తిరిగి బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తది వేయించండి. ప్లగ్గు ఎప్పుడైనా ఇంజను చల్లారాకే విప్పండి, తొలి చుట్లు చేత్తోనే తిప్పండి.