సేవకు సత్కారము

నంబులపూలకుంట వంటి మెట్ట మండలములో పింఛను సొమ్ముకై ముదుసలి కాలినడకన పోవుట ఎంతటి శ్రమయో శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. ప్రభుత్వసేవలను గడపకడకు చేర్చుటకై 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశమున వాలంటీర్ల వ్యవస్థ ఆరంభమైనది. గ్రామములలో 50 ఇండ్లకు ఒకరు. గౌరవవేతనము నెలకు 5,000 రూపాయలు.

2021 ఉగాదికి వీరికి పురస్కారములు ఏర్పడినవి: సేవామిత్రకు 10,000, సేవారత్నకు 20,000, సేవావజ్రకు 30,000 రూపాయలు. రత్న మండలమునకు ఐదుగురికి, వజ్ర శాసనసభ నియోజకవర్గమునకు ఐదుగురికి. ఫిర్యాదు లేక ఏడాది పనిచేసినవారికెల్ల మిత్ర.

ఇచట ఆలోచింపవలసినది ఒకటి కలదు. అందరికి నిచ్చు సత్కారము కృతజ్ఞత. కొందరికే ఇచ్చునది తీర్పు. తీర్పునకు సాక్ష్యము వలయును. వేలిముద్ర పడనందున మరునాడు మరల వచ్చినదెవరో, విసుగుకొని పోయినదెవరో కార్యాలయపు పట్టికకు తెలియదు. ఆ ఇంటి అవ్వకు తెలియును.

2024 జూలై 1 నుండి పింఛనుల పంపిణీ సచివాలయ సిబ్బంది చేతికి వచ్చినది. నాటి వాలంటీర్లకు శాలువ, ప్రశంసాపత్రము మిగిలినవి, ఉపాధి మిగులలేదు. కావున ఇకమీద ఎవరిని సత్కరింపనెంచినను, ముందుగా సేవ పొందిన గడపను అడుగవలెననియు, శాలువతోపాటు వారి జీవనమును గూడ తలపవలెననియు మా మనవి.